సముద్రాన్ని నిలువరించిన సున్నం: జాన్ స్మీటన్

నీటిలో గట్టిపడే సిమెంటు లేనిదే నేటి ఆనకట్టలు లేవు, వంతెనలు లేవు, ఓడరేవులు లేవు. ఆ గుణం ఎక్కడి నుంచి వస్తుందో ప్రయోగాలతో తేల్చిన తొలి ఇంజనీరు జాన్ స్మీటన్. సముద్రం నడుమ ఒక దీపస్తంభాన్ని నిలబెట్టవలసి రావడమే ఆ అన్వేషణకు నాంది.

స్మీటన్ 1724 జూన్ 8న ఇంగ్లండ్‌లోని లీడ్స్ సమీపాన ఆస్థోర్ప్‌లో జన్మించారు. న్యాయవాది అయిన తండ్రి, కుమారుడూ తన వృత్తినే చేపట్టాలని లండన్ పంపారు. పనిముట్లపైనే మనసున్న స్మీటన్ న్యాయశాస్త్రాన్ని విడిచి శాస్త్రీయ పరికరాల తయారీలో స్థిరపడ్డారు. 1753లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ప్లిమత్ రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఎడ్డీస్టోన్ శిలలు ఉన్నాయి. పోటు వేళ నీట మునిగే ఆ శిలలు ఎన్నో నౌకలను బలిగొన్నాయి. అక్కడ హెన్రీ విన్‌స్టన్లీ 1698లో వెలిగించిన తొలి దీపస్తంభాన్ని 1703 నాటి పెనుతుపాను నిర్మాతతో సహా తుడిచిపెట్టింది. కలపతో కట్టిన రెండవ స్తంభం 1755 డిసెంబరులో దగ్ధమైంది. మంటలు ఆర్పబోయిన 94 ఏళ్ల కాపలాదారు హెన్రీ హాల్, పైకప్పు నుంచి కారిన సీసం గొంతులోకి జారడంతో కొద్ది రోజులకే మరణించారు. మూడవ నిర్మాణానికి రాయల్ సొసైటీ అధ్యక్షుడు స్మీటన్ పేరు సూచించారు.

రాతితోనే కట్టాలని స్మీటన్ నిశ్చయించారు. అయితే రాళ్లను పట్టి ఉంచే సున్నమే అసలు సమస్య. మామూలు సున్నం గాలి తగిలితే నెమ్మదిగా గట్టిపడుతుంది, నీటిలో మెత్తగానే ఉండిపోతుంది. ఎడ్డీస్టోన్‌లో ఆటుపోట్ల నడుమ దొరికేవి కొద్ది గంటలే. ఆ తరువాత అలలు పచ్చి సున్నాన్ని కడిగివేస్తాయి.

1756లో ఆయన వివిధ ప్రాంతాల సున్నాలను తెప్పించి, ముద్దలుగా చేసి నీటిలో వేసి, ఏది గట్టిపడుతుందో, ఏది కరిగిపోతుందో పరిశీలించారు. ప్లిమత్‌లో ఆయనకు ఆతిథ్యమిచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు విలియం కుక్‌వర్దీ, సున్నపురాతిని ఆమ్లంలో కరిగించి పరీక్షించే పద్ధతి నేర్పారు. స్వచ్ఛమైన రాయి పూర్తిగా కరిగిపోయింది. నీటిలో గట్టిపడే సున్నాన్నిచ్చే రాయి మాత్రం అడుగున బంకమట్టిని మిగిల్చింది.

తెల్లని, గట్టి రాయే మేలైన సున్నాన్ని ఇస్తుందని రోమన్ల కాలం నుంచి ఉన్న నమ్మకం దీనితో వీగిపోయింది. మాలిన్యమని భావించిన మట్టిలోనే బలం దాగి ఉంది. కాల్చినప్పుడు మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి, నీరు తగిలితే గట్టిపడే పదార్థాలుగా మారుతాయని తరువాతి రసాయన శాస్త్రం వివరించింది. సున్నంలో ఇటుకపొడి కలిపి మన దేశంలో తయారుచేసే సుర్ఖీకి బలమిచ్చేవీ కాలిన మట్టిలోని ఈ పదార్థాలే.

చివరకు వేల్స్‌లోని అబెర్‌థా సున్నాన్ని, ఇటలీ నుంచి వచ్చిన పొజొలానా అనే అగ్నిపర్వత ధూళిని సమపాళ్లలో కలిపి స్మీటన్ వాడారు. 1757 జూన్ 12న తొలి రాయి పడింది. వెలుపల గ్రానైటు, లోపల పోర్ట్‌ల్యాండ్ రాయి ఉంచి, వడ్రంగి చెక్కలను బిగించినట్లు రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడ్చారు. 1759 అక్టోబరు 16న 24 కొవ్వొత్తులతో దీపం వెలిగింది.

తరువాత స్మీటన్ వంతెనలు, కాలువలు, రేవులు ఎన్నో రూపొందించారు. తనను సివిల్ ఇంజనీరుగా చెప్పుకున్న తొలి వ్యక్తి ఆయనే. ఎడ్డీస్టోన్ అనుభవాలను 1791లో గ్రంథంగా ప్రచురించి, మరుసటి ఏడాది అక్టోబరు 28న కన్నుమూశారు. 1824లో లీడ్స్‌కే చెందిన మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్, సున్నపురాయిని, బంకమట్టిని కలిపి కాల్చి చేసిన పదార్థానికి పోర్ట్‌ల్యాండ్ సిమెంటు పేరుతో పేటెంటు పొందారు. స్మీటన్ ప్రకృతిలో గుర్తించిన మిశ్రమం అలా మనిషి చేతికి వచ్చింది.

వందేళ్లకు పైగా నిలిచిన స్తంభం కింద శిలను అలలు కోసివేయడంతో, 1882లో పక్కనే కొత్త దీపస్తంభం వెలిగింది. పాతదాని పైభాగాన్ని విప్పి ప్లిమత్ తీరాన తిరిగి నిలబెట్టారు. పునాది మాత్రం ఊడిరాలేదు. స్మీటన్ సున్నం పట్టి ఉంచిన ఆ మొండెం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది.