తూకం వెనుక మనిషి – చార్లెస్ వీట్‌స్టన్

మన కాలేజీలో అడుగుపెట్టిన ప్రతివాడూ ఇంటర్‌లో మీటర్ బ్రిడ్జి ప్రయోగం చేసి వచ్చినవాడే. మీటరు తీగ మీద జాకీని అటూ ఇటూ జరపడం, గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలవగానే రీడింగు రాసుకోవడం, రికార్డులో బొమ్మ వేసి సంతకం పెట్టించుకోవడం, ఆ తర్వాత హాయిగా మరిచిపోవడం. నేనూ అంతే. ప్రాక్టికల్స్‌లో నాకు ఆ ప్రయోగమే పడింది, మార్కులు పూర్తిగా వచ్చాయి. బ్రిడ్జి ముందున్న ఆ వీట్‌స్టన్ అనే పేరు ఎవరిదో మాత్రం ఎన్నడూ అడగలేదు.

మూడో సంవత్సరం తర్వాత వేసవి ట్రెయినింగుకి నన్ను పాలపొడి ప్యాకెట్లు నింపే ఒక ఫ్యాక్టరీకి పంపారు. అక్కడి మిషను నిమిషానికి 40 చొప్పున అరకిలో ప్యాకెట్లు నింపుతుంది. పొడి ఒక తొట్టిలో పడుతుంది. తొట్టి కింద లోడ్ సెల్ అనే చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. అది బరువు సరిపోయిందని చెప్పగానే పైన తలుపు మూసుకుంటుంది. పొద్దున తూకం సరిగ్గానే ఉండేది, మధ్యాహ్నం నేల కడిగిన తర్వాత తేడా వచ్చేది. తక్కువ తూకం ప్యాకెట్టు బయటికి పోతే కేసవుతుంది గనుక ఆపరేటర్లు భయపడి సెట్టింగు 5 గ్రాములు పెంచేసేవాళ్ళు. 5 గ్రాములే కదా అనుకున్నాను. లెక్క వేస్తే గంటకి 12 కిలోల పాలపొడి!

సూపర్‌వైజరు గారు నన్ను పిలిచి, ఆ దిమ్మలోంచి వచ్చే నాలుగు తీగలూ ఎందుకో చెప్పమన్నారు. నా నోరు పెగల్లేదు. పక్కనున్న ఎలక్ట్రీషియన్ అన్న ఒక అట్టముక్క మీద బొమ్మ గీశాడు. డైమండ్ ఆకారం, నాలుగు పక్కలా నాలుగు నిరోధాలు, రెండు మూలల్లో బ్యాటరీ, మిగతా రెండు మూలల మధ్య మీటరు. అది మన బ్రిడ్జే! సిగ్గేసింది. తిరిగి రాగానే లైబ్రరీలో కూర్చుని ఆ పేరుగల మనిషిని వెతకడం మొదలుపెట్టాను.

చార్లెస్ వీట్‌స్టన్ 1802 ఫిబ్రవరి 6న ఇంగ్లండులో, గ్లాస్టర్ దగ్గరి బార్న్‌వుడ్‌లో పుట్టాడు. వాళ్ళది సంగీత వాయిద్యాల వ్యాపారం. పెద్ద చదువులేవీ లేవు. లండన్‌లో తండ్రి సోదరుడి దుకాణంలో వాయిద్యాలు చేయడం నేర్చుకున్నాడు. ఓల్టా పరిశోధనల మీద ఫ్రెంచి పుస్తకం కొనడానికి డబ్బు కూడబెట్టాడనీ, బ్యాటరీకి రాగి రేకులు దొరక్క జేబులో మిగిలిన రాగి నాణేలనే పేర్చాడనీ ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ మనిషికి అతికినట్టుంది.

1821లో, పందొమ్మిదేళ్ళ వయసులో, లండన్ వాసుల్ని ఆశ్చర్యపరిచాడు. గది మధ్యలో పైకప్పు నుంచి సన్నని తీగతో ఒక లైర్ వాయిద్యం వేలాడుతూ ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే అందులోంచి సంగీతం వస్తుంది. అసలు వాయిద్యాలు పై అంతస్తులో మోగుతుంటే ఆ కంపనం తీగ వెంట కిందికి దిగుతుందన్నమాట. తరువాత కన్సర్టీనా అనే చేతి వాయిద్యం తయారుచేశాడు. 1838లో స్టీరియోస్కోపు గురించి ప్రకటించాడు. రెండు కళ్ళూ చూసే రెండు బొమ్మల్ని మెదడు ఒకటిగా కలిపి లోతు కనిపెడుతుందని దాంతో చూపించాడు.

1834లో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. అదే ఏడు గిర్రున తిరిగే అద్దం పెట్టి, సుమారు అరమైలు తీగలో విద్యుత్తు వేగం కొలవబోయాడు. వచ్చిన జవాబు కాంతి వేగాన్ని కూడా మించిపోయింది. జవాబు తప్పే. అయినా తిరిగే అద్దం అనే ఉపాయం మంచిది. ఆ తర్వాత ఫ్రాన్సులో ఫూకో దానితోనే కాంతి వేగం కొలిచాడు.

ప్రొఫెసరే గానీ పాఠం చెప్పాలంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. నలుగురి ముందు గొంతు పెగలదు. కొన్ని ఉపన్యాసాలతో సరిపెట్టి ఇంచుమించు మానేశాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన పరిశోధనల గురించి తరచు మాట్లాడింది స్నేహితుడు ఫారడే. 1846లో ఒక సాయంత్రం వీట్‌స్టన్ సభ మొదలయ్యే క్షణంలో పారిపోయాడనీ, ఫారడే అప్పటికప్పుడు ఆయన స్థానంలో నిలబడ్డాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. రికార్డులు చూసినవాళ్ళు అది కట్టుకథే అన్నారు. వైవాలో వణికే మనలాంటివాళ్ళకి మాత్రం ఆ కథ నిజమైతే బాగుండుననిపిస్తుంది.

అలా అని మనిషి మరీ మెత్తన కాదు. 1837లో విలియం కుక్‌తో కలిసి టెలిగ్రాఫుకి పేటెంటు తీసుకున్నాడు. ఆ జూలైలోనే యూస్టన్, కామ్డెన్ టౌన్ మధ్య రైలుమార్గం వెంట తీగలో వార్త నడిచింది. వెంటనే ఇది ఎవరిదన్న తగాదా మొదలైంది. 1841లో పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టారు. ఆచరణలోకి తెచ్చింది కుక్, శాస్త్రం అందించింది వీట్‌స్టన్ అని వాళ్ళు ఇద్దరికీ పంచి ఇచ్చారు. అయినా తగాదా చల్లారలేదు. పదమూడేళ్ళ తరువాత కూడా ఒకరి మీద ఒకరు కరపత్రాలు వేసుకున్నారు.

ఇంత పట్టుదల ఉన్న మనిషే 1843లో రాయల్ సొసైటీలో నిరోధాలు కొలిచే పద్ధతుల మీద పెద్ద వ్యాసం సమర్పిస్తూ, ఈ నాలుగు చేతుల అమరిక తనది కాదనీ, మొదటి ఆలోచన శామ్యూల్ హంటర్ క్రిస్టీదనీ రాశాడు. క్రిస్టీ దాన్ని 1833లోనే ప్రకటించాడు, ఎవరూ పట్టించుకోలేదు. లోకం మాత్రం దానికి వీట్‌స్టన్ బ్రిడ్జి అనే పేరు పెట్టేసింది. ఇంకో తమాషా ఏమిటంటే, 1854లో ఆయన కనిపెట్టిన రహస్య లిపికి దాన్ని ప్రచారం చేసిన ప్లేఫెయిర్ ప్రభువు పేరు పడింది. ఆ ప్రభువు అది వీట్‌స్టన్‌దే అని చెప్పినా ఎవరూ వినలేదు.

బ్రిడ్జి గొప్పతనం అది తక్కెడలాంటిది కావడమే. రెండు పక్కలా సమంగా ఉంటే మీటరు సున్నా, రవ్వంత తేడా వచ్చినా ముల్లు కదులుతుంది. సాగదీసిన తీగకు నిరోధం మారుతుందని 1856లో కెల్విన్ ఈ బ్రిడ్జితోనే చూపించాడు. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు వేర్వేరుగా ఆ సూత్రంతో అతికించే స్ట్రెయిన్ గేజ్ చేశారు. లోడ్ సెల్‌లో అలాంటివి నాలుగు ఉంటాయి. బరువు పడగానే రెండు సాగుతాయి, రెండు కుదించుకుంటాయి, బ్రిడ్జి ఒరుగుతుంది. ఎండకు నాలుగూ సమంగా వేడెక్కితే ఒరగదు. మేం చూసిన 5 కిలోల సెల్ నిండా బరువు పెడితే వచ్చేది 20 మిల్లీవోల్టులే. అంటే గ్రాముకి 4 మైక్రోవోల్టులు.

అంత సున్నితమైనదానికి తడి చాలు. నేల కడిగిన నీళ్ళు కనెక్టరులోకి చేరి తీగల మధ్య ఇన్సులేషన్ తగ్గింది. అంటే బ్రిడ్జి ఒక చేతికి ఎవరో ఇంకో నిరోధం తగిలించినట్టే. ఎలక్ట్రీషియన్ అన్న కనెక్టరు విప్పి, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, పెట్టెను నేల నుంచి పైకి ఎత్తి బిగించాడు. సెట్టింగు మళ్ళీ 500కి దిగింది.

నా ట్రెయినింగు రిపోర్టులో ఆ లోపం కనిపెట్టింది నేనే అన్నట్టు రాసుకున్నాను. డిపార్టుమెంటులో మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

వీట్‌స్టన్‌కు 1868లో సర్ బిరుదు వచ్చింది. 1875 అక్టోబరు 19న పారిస్‌లో పోయాడు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్‌లో సమాధి చేశారు. ఆ 1843 నాటి సంగతి చదివిన వారమే నేను ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. అన్న నవ్వి, రిపోర్టులో కావాలంటే రాసుకో గానీ సావెనీర్‌లో నా పేరు వేయొద్దన్నాడు. గైడు సార్‌కి జరిగింది చెప్పి, ఆ పేజీ తిరగరాసి, రిపోర్టు మళ్ళీ బైండింగుకి ఇచ్చాను.