కలం పక్కన పెట్టిన పండితుడు

ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ఇది మీరు చేసిన ఏ పాపానికో శిక్ష అని తేల్చి చెబుతుంటారు. సర్వేశ్వరుని లెక్కల పుస్తకం తమ చేతిలోనే ఉన్నట్లు! యోబు స్నేహితులు కూడ అలాంటివారే. యోబు గ్రంథానికి గొప్ప వ్యాఖ్యానం రాసిన పునీత తోమాసు అక్వినాసు గారిని గూర్చి ఈ వారం తెలుసుకుందాం.

తోమాసు గారు ఇటలీ దేశంలోని రొక్కసెక్క కోటలో 1225 ప్రాంతంలో జన్మించారు. గొప్పింటి బిడ్డ. అటువంటివాడు 1244లో భిక్షమెత్తుకొని బ్రతికే దొమినికను సభలో చేరితే ఇంటివారు సహించలేదు. దారిలోనే పట్టుకొని సుమారు ఏడాదిపాటు నిర్బంధించారు. ఆయన మనసు మారలేదు. తరువాత కొలోను పట్టణంలో పునీత ఆల్బర్టు గారి వద్ద చదివారు. భారీ కాయం, మితభాషి కావడంతో తోటి విద్యార్థులు ఆయనను మూగ ఎద్దు అని వెక్కిరించేవారట. పిల్లలకు పేర్లు పెట్టేవారు ఇది గుర్తుంచుకుంటే మంచిది!

1261-65 మధ్య ఒర్వియేతోలో ఉండగా ఆయన యోబు గ్రంథాన్ని వివరించారు. నీతిమంతునికి ఈ లోకంలోనే సుఖం, పాపికి ఈ లోకంలోనే శిక్ష అనుకోవడమే ఆ స్నేహితుల పొరపాటని చూపించారు. చివరకు సర్వేశ్వరుడు సుడిగాలిలో మాట్లాడినప్పుడైనా యోబు బాధకు కారణం చెప్పాడా? లేదు. భూమికి పునాదులు వేసిన నాడు నీవెక్కడున్నావని ఎదురు ప్రశ్న వేశాడు.

తోమాసు గారి మహాగ్రంథం "సుమ్మా తియొలోజియే". దేవుని గూర్చి వందలాది ప్రశ్నలు వేసి జవాబులు రాసిన ఆయన, ఆ గ్రంథం మొదట్లోనే ఒక మాట స్పష్టం చేశారు: దేవుడు ఎటువంటివాడు కాడో చెప్పగలమే గాని, ఎటువంటివాడో తెలుసుకోలేము.

1273 డిసెంబరు 6న నేపుల్సులో పూజ చేసిన తరువాత ఆయన రాయడం మానేశారు. సహచరుడు రెజినాల్డు గారు ఎంత బ్రతిమాలినా కలం పట్టలేదు. తాను చూచినదాని ముందు తాను రాసినదంతా ఎండుగడ్డిలా తోస్తున్నదని మాత్రం చెప్పారు. అది జబ్బువల్ల కలిగిన అలసట అని కొందరు చరిత్రకారులు అంటారు. కావచ్చు. కాని మొదటి పుటల్లో ఒప్పుకున్నదే చివరకు ఆయనకు అనుభవమైందని నాకనిపిస్తుంది. రాసినది తప్పని ఆయన అనలేదు, చాలదన్నారు.

లియోను మహాసభకు వెళుతూ దారిలో జబ్బుపడి, 1274 మార్చి 7న ఫొస్సనోవా మఠంలో మరణించారు. 1323లో పునీతుడుగా, 1567లో శ్రీసభ పండితుడుగా ప్రకటింపబడ్డారు.

"సుమ్మా" పాపసంకీర్తనాన్ని గూర్చిన భాగం మధ్యలోనే ఆగిపోయింది. ఆయన యువకుడుగా ఉన్నప్పుడు రాసిన వ్యాఖ్యానంలో నుండి మాటలు తీసి, మిగిలిన ఖాళీని ఇతరులు పూరించారు.