గిడియన్ మాంటెల్

రాక్షసిబల్లుల పేరు వినని బాలబాలికలు నేడు లేరు. వానిని లోకమునకు ఎరుకపరచిన ప్రథములలో ఒకడు చిన్న పట్టణపు వైద్యుడు.

గిడియన్ మాంటెల్ 1790వ సంవత్సరమున ఇంగ్లండునందలి ససెక్స్ సీమలో, లూయిస్ పట్టణమున జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి కుటుంబమును పోషించెడివాడు. మాంటెల్ వైద్యవిద్య నభ్యసించి స్వస్థలముననే చికిత్స చేయుచు, తీరిక దొరికినప్పుడెల్ల శిలాజములను సేకరించుచుండెను.

1822 నాటికి టిల్‌గేట్ అడవి ప్రాంతపు రాతిగనులనుండి కొన్ని పెద్ద దంతములు ఆయనకు లభించెను. అవి ఆకువలె వెడల్పుగా నుండి, అంచుల రంపపు కక్కులు కలిగి, నమలుటచే అరిగియుండెను. లండను పండితులు అవి చేపవో క్షీరదమువో యనిరి. 1823లో పారిసు మహాపండితుడు కువియే వానిలో నొకదానిని చూచి ఖడ్గమృగపు దంతమని తలచెను. మాంటెల్ మాత్రము ఆ రాతిపొరలు మిక్కిలి ప్రాచీనములని ఎరిగినవాడగుటచే, తన యత్నము మానలేదు. 1824లో కువియే తన అభిప్రాయమును సవరించుకొని, అది శాకాహారియగు సరీసృపముది కావచ్చుననెను. లండను శస్త్రవైద్య కళాశాల ప్రదర్శనశాలలో స్టచ్‌బరీ యనువాడు ఇగ్వానా యను అమెరికా బల్లిని చూపగా, దాని దంతములు అదే రూపున, మిక్కిలి చిన్నవిగా నుండెను. 1825లో మాంటెల్ తన జంతువునకు ఇగ్వానోడాన్, అనగా ఇగ్వానా పన్ను కలది, అని పేరిడెను. 1833లో కవచమువంటి ముండ్లుగల హైలియోసారస్‌ను వర్ణించెను. 1842లో ఓవెన్ పండితుడు డైనోసార్ అను పేరు కల్పించుటకు ఆధారమైన మూడు జంతువులలో రెండు మాంటెల్ వర్ణించినవే.

ఈ విద్యకై ఆయన చెల్లించిన మూల్యము గొప్పది. వైద్యవృత్తి సన్నగిల్లెను. 1838లో తన సేకరణమును బ్రిటిష్ మ్యూజియమునకు విక్రయింపవలసివచ్చెను. మరుసటి యేట భార్య ఎడబాసెను. 1841లో బండి ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, నిరంతర బాధ ననుభవించుచు గ్రంథములు వ్రాసి, 1852లో మరణించెను.

ఆయనయు పొరబడకపోలేదు. శంకువువంటి యొక ఎముకను ఇగ్వానోడాన్ ముక్కుపై కొమ్ముగా నిలిపెను. 1878లో బెల్జియమునందలి బెర్నిస్సార్ బొగ్గుగనిలో ముప్పదికి పైగా కంకాళములు బయల్పడగా, అది బొటనవ్రేలి ముల్లని తేలెను. ఆ జంతువు పొడవు సుమారు 30 అడుగులే గాని, మాంటెల్ ఊహించినట్లు నూరడుగులు కాదు.

విద్యార్థులారా! కువియే మాటను దిద్దినవియు ఎముకలే. మాంటెల్ మాటను దిద్దినవియు ఎముకలే. పెద్దలు చెప్పిరని ఊరకుండక వస్తువునే మరల మరల పరీక్షించినందుననే, పిడికెడు దంతములనుండి ఆయన నశించిన యొక లోకమును చూడగలిగెను.