థామస్ కుక్: బీదలకు ప్రయాణమార్గము తెరచిన సువార్తికుడు

ధ్యాన భాగము: లూకా 2:41-46



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు సంఘములలో యెరూషలేము యాత్రను గూర్చిన మాట తరచుగా వినబడుచున్నది. 2019వ సంవత్సరములో రాష్ట్ర ప్రభుత్వము, ఏడాదికి మూడు లక్షల రూపాయలలోపు ఆదాయము గల యాత్రికులకిచ్చు సహాయమును 40,000 నుండి 60,000 రూపాయలకు పెంచినప్పుడు చిన్న పల్లెలలో సహితము ఆశ పుట్టెను. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపువారు వేపచెట్టు క్రింద కూర్చుండి, ఎవరెవరు కలిసి వెళ్లవలెనో లెక్క వేయుచుండిరి. ఒక విధవరాలు తన మెడలోని గొలుసును ప్రొద్దుటూరులో కుదువపెట్టియైనను వచ్చెదనని చెప్పెను. కూలి చేసికొను సహోదరుడొకడు ఏమియు పలుకక, పిల్లవాని చేయి పట్టుకొని ఇంటికి వెళ్లిపోయెను. అతనికి కుదువపెట్టుటకు గొలుసైనను లేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గుంపుగా దూరదేశములకు వెళ్లు పద్ధతిని లోకమునకు అలవాటు చేసిన థామస్ కుక్ చరిత్ర అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను.

ఆయన 1808వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఇంగ్లాండులోని మెల్బోర్న్ అను గ్రామములో బీద కుటుంబమునందు జన్మించెను. పసితనమందే తండ్రి చనిపోయెను. పదియవ యేట బడి మాని, వారమునకు ఆరు పెన్నీల కూలికి తోటపని చేసెను. తరువాత వడ్రంగము నేర్చుకొనెను. 1826లో బాప్తిస్మము పొంది, కొంతకాలమునకు బాప్తిస్టు సంఘపు గ్రామ సువార్తికుడాయెను. కరపత్రములు చేతబట్టి ఊరూరు తిరిగెను. అతని ప్రయాణములలో ఎక్కువ భాగము కాలినడకయే. జీతమిచ్చుటకు సంఘమునొద్ద ధనము లేకపోగా మరల ఉలి పట్టెను గాని బోధ మానలేదు.

ఆ కాలమున కూలివారి సంపాదన సారాయి అంగళ్లకే పోవుచుండెను. అది మన పల్లెలు ఎరిగిన దుఃఖమే. కుక్ మద్యము ముట్టనని ప్రమాణము చేసి, ఇతరులచేతను చేయించుచుండెను. 1841 జూన్ నెలలో అట్టి సభకై లెస్టరు పట్టణమునకు పదునైదు మైళ్లు నడచి పోవుచుండగా అతనికొక తలంపు కలిగెను. త్రాగుట మానుమని చెప్పుట చాలదు; వారికి మేలైన సంతోషమొకటి చూపవలెను. క్రొత్తగా వచ్చిన రైలుబండిలో అందరిని కలిపి తీసికొనిపోయిన యెడల ఎంత బాగుండును!

రైల్వేవారితో మాటలాడి, 1841 జూలై 5వ తేదీన సుమారు 500 మందిని లెస్టరు నుండి లఫ్‌బరోకు తీసికొనిపోయెను. రానుపోను ఒక షిల్లింగు మాత్రమే. ఆ దూరము సుమారు పండ్రెండు మైళ్లు. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు ఉన్నంత దూరమని చెప్పవచ్చును. లోకమంతటిని చుట్టి వచ్చిన యాత్రలకు మొదటి అడుగు ఇంత చిన్నది.

అన్నియు సాఫీగా జరగలేదు. 1846లో సుమారు 350 మందిని స్కాట్లాండునకు తీసికొనిపోయినప్పుడు దారిలో ఏర్పాట్లు సరిగా లేక జనులు ఇబ్బంది పడిరి. ఆ యేటనే కుక్ దివాలా తీసెను. అయినను లేచెను. 1851లో లండనులో జరిగిన గొప్ప ప్రదర్శనమునకు సుమారు 1,50,000 మంది అతని ఏర్పాటువలన వెళ్లిరి. 1855లో తన గుంపును సముద్రము దాటించి ఐరోపా దేశములకు నడిపించెను.

అతని హృదయమందు పరిశుద్ధ దేశము ఎప్పుడును ఉండెను. 1868లో ముందుగా తానే వెళ్లి, దారులను, బసలను పరీక్షించెను. పిమ్మట 1869లో మొదటి గుంపును ఐగుప్తునకును, పాలస్తీనాకును తీసికొనిపోయెను. ఆ దేశములో వారు గుర్రములపై ప్రయాణము చేసి, రాత్రులు గుడారములలో నిద్రించిరి. 1872లో భూమిని చుట్టివచ్చుటకు ఒక చిన్న బృందముతో బయలుదేరెను. 222 దినములు పట్టిన ఆ యాత్రలో మన ఇండియాను సహితము చూచెను.

కడపటి దినములు దుఃఖకరములు. వ్యాపారము, పరిచర్య ఒకటిగా నడువవలెనని తండ్రి, వ్యాపారము వ్యాపారముగా ఉండవలెనని కుమారుడు. ఆ భేదమువలన తండ్రి 1878లో పని విడిచెను. 1880లో ఏకైక కుమార్తె, 1884లో భార్య మరణించిరి. చూపు పోయెను. అయినను తన స్వగ్రామములోని బీదలకు ఇండ్లు కట్టించి, 1892 జూలై 18వ తేదీన ప్రభువునందు నిద్రించెను. అతని పేరిట నడిచిన ఆ గొప్ప ఇంగ్లాండు కంపెనీ 2019 సెప్టెంబరులో మూతబడెను. లాభము గడించినది నిలువలేదు. బీదవానిని తలంచి వేసిన ఆ పండ్రెండు మైళ్ల అడుగును మాత్రము మనము నేటికిని తలంచుకొనుచున్నాము.

ప్రియులారా, ధ్యాన భాగమును చూడుడి. యోసేపు మరియలు పండుగనుండి తిరిగి వచ్చుచు, బాలుడైన యేసు బంధువుల గుంపులోనే ఉన్నాడని తలంచి ఒక దినమంతయు నడచిరి. గుంపు పెద్దది; సందడి ఉన్నది; ఆయన మాత్రము లేడు. యెరూషలేమునకు పోవు మనకును ఈ అపాయము కలదు. నోరు తెరచి అడుగలేని బీద సహోదరుని విడిచి మన గుంపు కదలిన యెడల, ప్రభువును ఎక్కడ విడిచితిమో వెదకుకొనవలసి వచ్చును.

ఆ తల్లితో గొలుసు కుదువపెట్టవద్దని చెప్పితిని. అప్పుచేసి యాత్ర చేయుమని ప్రభువు ఎవరిని కోరలేదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ఆయనయే బోధించెను. వెళ్లువారు ముందుగా ఖర్చు విచారించి, నమ్మదగినవారి ద్వారా వెళ్లుడి. మా సంఘమైతే మొదట ఒక దినము గండికోటకు పోవ నిశ్చయించినది. కూలివాడు, ముసలివారు, పిల్లలు, అందరును. బస్సు బాడుగ కలిగినవారు ఇచ్చెదరు. చద్దిమూట అందరును పంచుకొందురు. పెన్నా లోయ అంచున కూర్చుండి ప్రార్థించెదము. యెరూషలేము మాట ఆ తరువాత.

ఆలోచించుడి: నీ గుంపులో ఎవరు తగ్గియున్నారు?

ప్రార్థన: ప్రభువా, మేము ఎక్కడికి పోయినను నిన్నును, నీ చిన్నవారిని విడిచి పోకుండునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.