ఇసుకతో శబ్దాన్ని చూపించిన క్లాడ్నీ

ఫెస్టుల్లో పాట మోగుతుంటే వెనక స్క్రీన్ మీద చిన్న చిన్న గళ్ళు వెలుగుతూ ఆరుతూ ఆకారాలు మార్చుకోవడం చూసే ఉంటారు. మైకులోకి వచ్చిన శబ్దాన్ని ఎఫ్ఎఫ్‌టీతో ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి, సెల్యులార్ ఆటోమేటాకి అందిస్తే అలా వస్తుంది. ఒక్కో గడి తన పక్క గళ్ళనే చూసుకుంటుంది, బొమ్మ మాత్రం తెరంతా తయారవుతుంది. కరెంటు దీపం కూడా లేని రోజుల్లో ఇలాంటి పనే చేసినవాడు ఎర్నెస్ట్ క్లాడ్నీ.

1756లో ఇప్పటి జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి లా ప్రొఫెసర్, బాగా స్ట్రిక్టు. కొడుక్కి సైన్సు, సంగీతం ఇష్టం. అయినా నాన్న చెప్పారు కాబట్టి లా చదివాడు. ఈ కథ మనలో చాలామందికి కొత్తేం కాదు! 1782లో డిగ్రీ చేతికొచ్చింది, అదే ఏడు తండ్రి పోయాడు. ఆ తర్వాత క్లాడ్నీ లా వదిలేశాడు.

అంతకుముందే లిక్టెన్‌బర్గ్ అనే ప్రొఫెసర్ పొడి చల్లి, విద్యుత్తు వదిలిన జాడల్ని కంటికి కనిపించేలా చేశాడు. మరి శబ్దాన్ని ఎందుకు చూడలేం అనుకున్నాడు క్లాడ్నీ. ఒక పలక మీద ఇసుక చల్లి, దాని అంచుని వయొలిన్ కమానుతో లాగాడు. పలక ఊగేచోట ఇసుక ఎగిరిపోయింది, కదలని గీతల మీద పోగుపడింది. నక్షత్రాలు, వంపులు, ముగ్గుల్లాంటి ఆకారాలు! స్వరం మారితే బొమ్మ మారింది. శ్రుతి పెరిగేకొద్దీ గీతలు ఇంకా చిక్కబడ్డాయి. 1787లో వీటన్నిటినీ బొమ్మలతో సహా పుస్తకంగా వేశాడు.

పేరొచ్చింది గానీ యూనివర్సిటీ ఉద్యోగం మాత్రం ఎప్పటికీ రాలేదు. తను తయారుచేసిన వాయిద్యాలు బండిలో వేసుకుని యూరప్ అంతా తిరుగుతూ, ప్రదర్శనలిచ్చి బతికాడు. 1794లో ఉల్కలు అంతరిక్షం నుంచి వస్తాయని రాస్తే చాలామంది నవ్వారు. 1803లో ఫ్రాన్స్‌లోని లెగ్ల్ ఊళ్ళో రాళ్ళవాన కురిశాక ఆ నవ్వులు తగ్గాయి.

1809లో పారిస్‌లో నెపోలియన్ ఈ ఇసుక బొమ్మలు చూసి, అతని పుస్తకాన్ని ఫ్రెంచిలో తెచ్చేందుకు 6000 ఫ్రాంకులు ఇచ్చాడు. ఆ బొమ్మల వెనక లెక్క చెప్పినవాళ్ళకి బహుమతి కూడా ప్రకటించారు. క్లాడ్నీ చూపించగలిగాడే గానీ ఆ లెక్క కట్టలేకపోయాడు. 1816లో ఆ బహుమతి సోఫీ జెర్మెయిన్‌కి దక్కింది.

1827లో బ్రెస్లావులో క్లాడ్నీ చనిపోయాడు. మన స్క్రీన్ మీద రూలు మనం రాస్తాం. అతని పలక మీద రూలు పలకలోనే ఉంది. ఏ ఇసుక రేణువుకీ మొత్తం బొమ్మ తెలీదు, తన కిందున్న చోటు ఊగుతోందా లేదా అన్నదే దానికి లెక్క. ఈసారి విజువల్స్‌కి కోడ్ మొదలెట్టే ముందు ఒక స్పీకరు, పల్చటి రేకు, గుప్పెడు ఉప్పు తెచ్చుకుని ఒకసారి చూడండి.