శ్రీమతి భండారు అచ్చమాంబగారు

రాజుల చరిత్రములు వ్రాయువారికి శాసనములు, నాణెములు, కోటలు సాధనములై యున్నవి. ఇంటిలోపలనే జీవించి యింటిలోపలనే గతించిన స్త్రీల చరిత్రము వ్రాయ బూనినవారికి అట్టి సాధనములు మిక్కిలి తక్కువ. ఇట్టి కష్టమైన పనికి పూనుకొన్న తెలుగు స్త్రీలలో మొదటి తరమువారు శ్రీమతి భండారు అచ్చమాంబగారు. ఆమె బడికి పోయి చదివినవారు కారు. అట్లయ్యును స్త్రీల జీవితములను వెదకి, గ్రంథరూపమున మనకు అప్పగించిపోయిరి. ఆమె జీవితమును మా పాఠకులకు క్లుప్తముగా తెలుపదలచితిమి.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున, ఆనాటి కృష్ణామండలములోని నందిగామయందు జన్మించిరి. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. ఆమెకు ఆరేండ్ల ప్రాయముననే తండ్రి మరణించెను. పదియవ యేటనే భండారు మాధవరావుగారితో ఆమెకు వివాహము జరిగెను. భర్త మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండుటచే ఆమె తెలుగుదేశమును విడిచి అక్కడకు పోవలసివచ్చెను. అంతవరకు ఆమెకు చదువు లేదు. ఆనాటి బాలికలలో ననేకులకు చదువు అంతటితోనే ముగిసియుండెడిది.

ఆమె విషయమున అట్లు జరుగలేదు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు అక్కగారి యింట నుండి చదువుకొనిరి. తరువాత విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్న పండితులు ఈయనయే. తమ్ముడు చదువుచుండగా అక్కయు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనెను. తనకంటె మూడేండ్లు చిన్నవాడైన తమ్ముని గురువుగా నెంచుకొనుటకు ఆమె సంకోచింపలేదు. ఇట్లు తెలుగుతోపాటు హిందీ, మహారాష్ట్రము, బంగాళీ, గుజరాతీ భాషలు అలవడినవి. సంస్కృతమునందును, ఇంగ్లీషునందును కొంత పరిచయము కలిగెను.

ఇన్ని భాషలు నేర్చుట వినోదమునకు గాదు. ఆ కాలమున స్త్రీలు స్వభావముచేతనే దుర్బలులనియు, బుద్ధిహీనులనియు, చదువు చెప్పినచో చెడిపోదురనియు, స్వేచ్ఛ యిచ్చినచో కుటుంబములు నిలువవనియు పలువురు పెద్దలు వాదించుచుండిరి. ఈ వాదమునకు ప్రతివాదము చేయువారును కలరు. అచ్చమాంబగారు మాత్రము సాక్ష్యము చూపదలచిరి. విద్యావతులై, ధైర్యవంతులై, రాజ్యములను గృహములను చక్కగా నడపిన స్త్రీల చరిత్రములనే వరుసగా కూర్చి యెదుట పెట్టినచో, ఆ నింద నిలువజాలదని ఆమె నమ్మకము.

ఆ సాక్ష్యము ఒక్కచోట దొరకునది కాదు. మొల్లను గూర్చి తెలిసికొనవలెనన్న తెలుగు కావ్యమును, తెలుగునాట చెప్పుకొను మాటలను ఆశ్రయింపవలెను. జ్యోతిషమున నారితేరినదని పేరుపొందిన ఖనా కథకు వంగదేశమువారి సంప్రదాయము ఆధారము. అహల్యాబాయిని గూర్చి మహారాష్ట్రభాషలోను, మీరాబాయిని గూర్చి హిందీలోను వెదకవలెను. స్త్రీల చరిత్రము ఇట్లు దేశమంతట చెదరిపడియుండుటచేత దానిని వెదకువారికి పెక్కు భాషలు రావలెను. ఈ కాలపు పరిశోధకులకు గ్రంథాలయములు, విశ్వవిద్యాలయములు తోడుండును. ఆమెకు తోడైనవి తమ్ముని సాయము, ఇంటికి తెప్పించుకొన్న పుస్తకములు, ఇంటిపని ముగిసిన పిదప మిగిలిన సమయము.

ఈ శ్రమకు ఫలము ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. దాని మొదటి భాగమును 1901వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ప్రకటించిరి. గ్రంథమును మూడు భాగములుగా వ్రాయవలెనని అచ్చమాంబగారి సంకల్పము. మొదటి భాగమున మన దేశచరిత్రకు సంబంధించిన స్త్రీలు, రెండవదానిలో వేదకాలపు స్త్రీలు, పురాణస్త్రీలు, బౌద్ధస్త్రీలు, మూడవదానిలో ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశముల స్త్రీలు. మంచి యెక్కడ నున్నను గ్రహింపవలెనను నుదారబుద్ధి ఈ యేర్పాటునందే కనబడుచున్నది.

ఆమె గ్రంథరచనతో తృప్తి చెందలేదు. 1902వ సంవత్సరమున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. పలు ఊళ్లకు స్వయముగా పోయి, స్త్రీలను సమావేశపరచి, సమాజములు స్థాపింప ప్రోత్సహించిరి. ఆ యేడే ‘హిందూసుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ యను కథను ప్రకటించిరి. పేదరికముచే తప్పుదారి త్రొక్కబోయిన భర్తను ఇల్లాలు సన్మార్గమునకు మరలించుట ఆ కథలోని విషయము. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ వెలువడినది 1910లో. దానికి ఎనిమిదేండ్లు ముందుగనే ఈ కథ వెలువడినదని సాహిత్యచరిత్రకారులు ఇటీవల గుర్తించి, తెలుగులోని మొదటి కథలలో దీనికి స్థానమిచ్చిరి.

ఇంత పనిచేసిన యామె జీవితము సుఖమయమని తలపరాదు. కన్న బిడ్డలు చిన్నతనముననే మరణించిరి. ఆ దుఃఖము ఎట్టిదో తల్లులైనవారికి మేము చెప్పనక్కరలేదు. ఆమె యా దుఃఖములో మునిగిపోక, దిక్కులేని పిల్లలను ఇంట చేర్చుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించిరి. తనకు లేని బడిని పరుల బిడ్డలకు కల్పించుట ఆమె తన దుఃఖమునకు చేసికొన్న చికిత్స.

1905వ సంవత్సరము జనవరి 18వ తేదీన అచ్చమాంబగారు పరమపదించిరి. అప్పటికి ఆమె వయస్సు సుమారు 30 సంవత్సరములు. రత్నమాల రెండవ భాగము పూర్తికాలేదు. మూడవ భాగము సంకల్పముగనే మిగిలిపోయినది. అంతకంటె విచారకరమైన విషయ మొకటి కలదు. మరుగుపడిన స్త్రీల పేళ్లను వెలికిదీసిన యామె పేరే చాలకాలము మరుగుపడెను. తరువాతి కాలమున స్త్రీల రచనలను వెదకిన స్త్రీలే ఆమెను మరల కనుగొనిరి. 1991లో సూజీ తారూ, కె. లలితగార్లు భారతదేశ స్త్రీల రచనలను సంకలనము చేసినప్పుడు అందు ఆమెకును చోటు కల్పించిరి. ఆమె యితరులకు చేసిన మేలు ఈ విధముగా ఆమెకే తిరిగి లభించినది.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకు బడి కలదు, ఉపాధ్యాయులు కలరు, పుస్తకములు కలవు. అచ్చమాంబగారి మూడవ భాగమును మనము వ్రాయజాలకపోవచ్చును. మన అవ్వ ఎట్లు పెరిగినది, ఏమి చదువదలచినది, ఎవరు అడ్డుపడిరి, ఎవరు తోడ్పడిరి అని అడిగి తెలిసికొని, ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచుట మనలో ప్రతివారికిని సాధ్యమే. అవ్వ చెప్పగలిగిన కాలముననే ఆ పని చేయవలెను. ఈ సెలవులలో మా పాఠకులు దీనికి పూనుకొందురుగాక యని కోరుచున్నాము.