ఏం అడగాలో తెలిసిన నాయకుడు కొమురం భీం



ఇబ్రహీంపట్నం తండాల్లో పెరిగిన మనకు జోడేఘాట్ దూరమే. కొమురం భీం ఇంటి భాష గోండి, మనలో ఎక్కువమందిది గోర్ బోలి. అయినా ఈ సావనీర్‌లో ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం. విగ్రహంలో ఆయన ధైర్యం అందరికీ కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న స్పష్టమైన ఆలోచన గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో జన్మించారు. అది నిజాం కాలం. రిజర్వు అడవి హద్దులు గూడేల మీదికి జరుగుతూ వచ్చాయి. తాతల నాటి పోడు భూమి ఆక్రమణ అయింది. పశువులను మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. గోండుల చేతిలో నేల ఉంది కానీ కాగితం లేదు. కాగితం ఉన్నవాడు బయటి నుంచి వచ్చి పంట తనదన్నాడు. అలాంటి ఒక తగాదాలో సిద్దిఖ్ అనే పట్టాదారు చనిపోవడంతో భీం ఊరు విడిచి వెళ్లారని చెబుతారు. చాందాలో ఒక ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నారని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశారని కూడా పెద్దలు చెబుతారు.

కోపంతో వెళ్లిన మనిషి ఆలోచనతో తిరిగొచ్చారు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ ఉన్న 12 గూడేలను ఒక్కటి చేశారు. ఆయన కోరినదాంట్లో గందరగోళం లేదు. నీరు, అడవి, భూమి మీద హక్కు కావాలి, గూడేలను గూడెం వాళ్లే పాలించుకోవాలి. గుడిసెలు తగలబడ్డా ముందు అర్జీలే పెట్టుకున్నారు. నిజాంకు చెప్పుకుందామని హైదరాబాద్ దాకా వచ్చినా దర్శనం దొరకలేదు. తలుపులన్నీ మూసుకున్నాకే ఆయన పోరు బాట పట్టారు.

1940లో ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి జోడేఘాట్‌లో పోలీసు కాల్పులకు భీం, ఆయన సహచరులు అమరులయ్యారు. ఆచూకీ చెప్పింది సొంతవాళ్లలో ఒకడేనంటారు.

ఆయన కోరింది మాత్రం ఆయనతో పోలేదు. తర్వాత మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య ఉండి వారి కష్టాలను ప్రభుత్వం ముందు పెట్టారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆ దశాబ్దంలోనే వేలాది ఆదివాసీలకు పట్టాలు అందాయి. కాగితం లేని నేలకు కాగితం వచ్చింది. కానీ అది చూడటానికి భీం లేరు.

ఇవాళ వెంచర్లు మన పొలాల గట్ల దాకా వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. కుర్చీ మనదే, సంతకమూ మనదే. అందుకే మీకు ఒక్క మాట చెబుతున్నాం. ఏ కాగితం మీదైనా అమ్మానాన్నలు వేలిముద్ర వేసే ముందు మీరు పూర్తిగా చదవండి. సర్వే నంబర్ చూడండి. గ్రామసభకు వెళ్లే ముందు ఏం అడగాలో, ఎవరిని అడగాలో రాసుకోండి. గొంతు ఎంత పెద్దదైనా, అడిగేది తేలకపోతే వట్టి చేతులతోనే తిరిగొస్తాం.

జోహార్ కొమురం భీం! జై సేవాలాల్!